ఊపిరి దారిలో కావలివారు

ఊపిరి అనే మాట చుట్టూ మన తెలుగులో ఎన్నో పలుకుబడులు అల్లుకొని ఉన్నవి. పని ఎక్కువైతే ఊపిరి సలపడం లేదంటాం. గండం గడిస్తే ఊపిరి పీల్చుకున్నామంటాం. చితికిపోతున్న సంస్థను ఎవరైనా ఆదుకొంటే దానికి ఊపిరి పోశారంటాం. ప్రాణానికి పర్యాయపదమన్నంతగా మన నోట నలిగిన ఈ ఊపిరిని గురించి, అది సాఫీగా ఆడినంతకాలం, ఆలోచించే అవసరం మనకు కలగదు. ఒక్క రాత్రి పసిబిడ్డ ఆయాసపడితే మాత్రం ఇల్లంతా మేలుకొని కూర్చుంటుంది. ఆ ఊపిరి దారి ఎటువంటిది, దానికి ప్రకృతి ఏర్పరచిన కాపుదల ఏమిటి, ఆ కాపుదల ఎక్కడ తప్పుతుంది అనే విషయాలను ఈ పూట కొంచెం విచారిద్దాం.

శరీరంలోని ముఖ్యమైన అవయవాలు చాలావరకు మూసిన గదులలో ఉన్నవి. మెదడు కపాలంలో భద్రంగా ఉంటుంది. గుండె తన పొరలో తాను ఉంటుంది. కడుపులోకి పోయే ఆహారాన్ని కడిగి, ఉడికించి, రుచి చూచి మరీ పంపుతాం. నీటిని వడకట్టుకొంటాం, కాచుకొంటాం. గాలి సంగతి అట్లా కాదు. ఏ చోట నిలుచుంటే ఆ చోటి గాలినే పీల్చాలి. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 మొదలు 18 సార్లు శ్వాసిస్తారు. ఒక్కొక్క శ్వాసకు సుమారు అర లీటరు గాలి లోపలికి పోతుంది. నడక, పని అన్నీ కలుపుకొంటే రోజుకు ఇంచుమించు 10,000 లీటర్లు. ఆ గాలితోపాటు దుమ్ము, పొగ, పుప్పొడి, లెక్కకు రాని సూక్ష్మజీవులు కూడా ప్రయాణం చేస్తవి.

గొంతు నుండి దిగే వాయునాళం రొమ్ములో రెండుగా చీలి, ఒక్కొక్క శాఖ ఒక్కొక్క ఊపిరితిత్తిలోకి పోతుంది. అక్కడి నుండి అది తలక్రిందులుగా నిలిపిన చెట్టు వలె కొమ్మలుగా, రెమ్మలుగా సుమారు 23 మార్లు చీలిపోతుంది. ఆ రెమ్మల చివర ద్రాక్షగుత్తుల వలె సన్నని వాయుకోశాలు ఉంటవి. ఇవి 30 కోట్లు మొదలు 50 కోట్ల వరకు ఉంటవని శాస్త్రజ్ఞుల అంచనా. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల చోటు కావాలి. ఒంటిమీది చర్మమంతా కలిసినా రెండు చదరపు మీటర్లకు మించదు. పైగా గాలికీ నెత్తురుకూ నడుమ ఉండే ఆ గోడ మిల్లీమీటరులో వెయ్యోవంతు మందం కూడా లేదు. అంత పలుచగా ఉండబట్టే ప్రాణవాయువు నెత్తురులోకి, బొగ్గుపులుసు వాయువు బయటికి తేలికగా దాటగలుగుతున్నవి. ఆ పలుచదనమే దానికి ప్రమాదకారణం కూడా. ఎముక, కండరం, చర్మం వలె మందమైన అడ్డు ఏదీ పెట్టడానికి వీలులేని చోటు అది.

అందుచేత కాపుదల అంతా దారిలోనే జరగాలి. మొదటి కావలి ముక్కు. అది వాసన చూచేందుకు మాత్రమే ఉన్నదనుకోవడం పొరపాటు. లోపల వంపులు తిరిగిన పలుచని ఎముకలు, వాటిపై తడి పొర, ముందు భాగంలో వెంట్రుకలు కలిసి గాలిని వెచ్చజేసి, తేమజేసి, పెద్ద రేణువులను పట్టి నిలుపుతవి. మిల్లీమీటరులో నూరోవంతు కంటే పెద్దవైన రేణువులు చాలావరకు అక్కడే ఆగిపోతవి. ముక్కులోని ద్రవం ఉత్తనీరు కాదు. కొన్ని సూక్ష్మజీవుల గోడలను కరిగించే పదార్థం ఒకటి దానిలో ఉన్నదని 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వెల్లడించాడు. ఆయన పెన్సిలిన్‌ను కనిపెట్టడానికి ఆరేండ్ల ముందుమాట అది. దానికి లైసోజైము అని పేరు పెట్టారు. నోటితో గాలి పీల్చేవారు ఈ కావలిని దాటవేసి, చల్లని, పొడి, దుమ్ముగాలిని నేరుగా గొంతులోకి పంపుకొంటున్నారన్నమాట.

రెండవ కావలి వాయునాళాల లోపలి గోడ. దానిమీద జిగటగా ఉండే శ్లేష్మపు పొర ఉన్నది. ఆ పొర క్రింద శైలికలనే సూక్ష్మమైన నూగు కోట్లకొలది మొలిచి ఉన్నది. పైరగాలికి వరిచేను ఊగినట్లు ఈ నూగంతా క్షణానికి పదిమార్లకు పైగా ఒకే దిక్కుకు, పైకి, ఊగుతుంది. శ్లేష్మంలో చిక్కిన దుమ్ము, క్రిములు ఆ ఊపుకు మెల్లగా గొంతుదాకా చేరుతవి. అక్కడ మనకు తెలియకుండానే మ్రింగివేస్తాం. కడుపులోని ఆమ్లం మిగిలిన పని చూచుకొంటుంది. నూగుకు శక్తి చాలనప్పుడు దగ్గు తోడు వస్తుంది. కాబట్టి తెమడతో కూడిన దగ్గును వెంటనే అణచివేయాలని తొందరపడరాదు. అది లోపలి చెత్తను బయటికి త్రోసే పని. అయితే ఆ దగ్గు ఎందుకు వచ్చిందో, ఎన్నాళ్ళుగా ఉన్నదో కనిపెట్టి చూడటం మన విధి.

ఈ రెండు కావళ్ళనూ దాటి వాయుకోశాల దాకా పోగలిగే రేణువులు కొన్ని ఉన్నవి. అవి మిల్లీమీటరులో వెయ్యోవంతు మొదలు అయిదు వేలవంతుల పరిమాణంలో ఉంటవి. క్షయ రోగి దగ్గినప్పుడు గాలిలో తేలే తుంపరలు అటువంటివే. వాయుకోశాలలో శైలికలు లేవు. అక్కడ క్రిములను మ్రింగి హరించే భక్షక కణాలు సంచరిస్తూ ఉంటవి. శరీరంలో ఇటువంటి కణాలు చేసే ఈ పనిని ఎలీ మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1882లో గుర్తించాడు. అదే సంవత్సరం మార్చి 24న రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించాడు. విచిత్రమేమంటే, ఆ భక్షక కణం మ్రింగినా చావక, దాని కడుపులోనే కాపురం పెట్టగల గట్టి పిండం ఈ క్షయక్రిమి. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందిలో ఈ క్రిమి ప్రవేశించి ఉన్నదని అంచనా. వారిలో నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే జీవితకాలంలో జబ్బు పైకి వస్తుంది. మిగిలినవారిలో కావలి గెలుస్తున్నదన్నమాట. పోషణ చాలనప్పుడు, మధుమేహం ముదిరినప్పుడు, పొగాకు అలవాటు ఉన్నప్పుడు ఆ గెలుపు తారుమారు అవుతుంది.

కావలి కూలితే ఏమవుతుందో 1918 చూపింది. ఆ సంవత్సరం వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. ఆనాటి మృతుల ఊపిరితిత్తుల నుండి భద్రపరచిన భాగాలను తిరిగి పరీక్షించి, 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక విషయం ప్రకటించారు. ఎక్కువమంది మరణానికి కారణం వైరస్ ఒక్కటే కాదు, దాని వెనుక వచ్చిన బాక్టీరియా వల్ల కలిగిన న్యుమోనియా. వైరస్ మొదట వాయునాళాల నూగును, లోపలి పొరను పాడుచేసింది. మామూలు రోజులలో ముక్కులో, గొంతులో ఊరక పడి ఉండే క్రిములు కావలి లేని దారిన క్రిందికి దిగినవి. మందులు లేని ఆ రోజులలో వాటిని ఆపినవారు లేరు. జ్వరం, జలుబు తగ్గుముఖం పట్టిన నాలుగైదు రోజులకు మళ్ళీ జ్వరం తిరగబెట్టి, ఆయాసం, రొమ్మునొప్పి వస్తే అశ్రద్ధ చేయరాదని వైద్యులు నేటికీ హెచ్చరించేది ఇందువల్లనే.

వైరస్ చేసే ఆ పనినే పొగ దినదినమూ కొంచెం కొంచెంగా చేస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా సరే, ఆ పొగ శైలికల ఊపును మందగింపజేసి, కాలక్రమాన వాటిని నశింపజేస్తుంది. శ్లేష్మం మాత్రం అధికంగా ఊరుతుంది. పొగత్రాగేవారికి తెల్లవారగానే వచ్చే దగ్గు దీని ఫలితమే. ఊడ్చే నూగు లేక, పేరుకొన్న చెత్తను దగ్గు ఒక్కటే ఎత్తిపోయవలసి వస్తున్నది.

పొగత్రాగే అలవాటు లేని ఇల్లాలికి, ఆమె ఒడిలోని బిడ్డకు వంటింటి పొగ ఈ అపకారమే చేస్తుంది. కట్టెలు, పిడకలు, పొట్టు మండే పొయ్యి ముందు, కిటికీ లేని గదిలో, రోజూ గంటలకొద్దీ కూర్చునేవారి ఊపిరితిత్తులు ఏమవుతవో ఊహించండి. ఇండ్లలోని వంటపొగ మూలంగా 2020లో ప్రపంచమంతటా 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లు నిండని పసివారు. గ్యాసు పొయ్యి వచ్చిన ఇంట కూడా నీళ్ళు కాచేందుకు, పశువుల దాణా ఉడికించేందుకు కట్టెల పొయ్యి ఆరదు. కట్టెలు తప్పనిసరి అయినచోట పొయ్యిని ఆరుబయట పెట్టుకోవడం, లేదా పొగగొట్టం, ఎదురెదురు కిటికీలు ఏర్పరచుకోవడం, ఎండిన కట్టెలే వాడటం, వంటవేళ చంటిబిడ్డను మరొకరి చేతికి ఇవ్వడం మన చేతిలో ఉన్న పనులు.

పిల్లలను గురించి ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. వారి వాయునాళాలు సన్నవి. గొట్టం వెడల్పు సగమైతే గాలికి కలిగే అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. పెద్దవారికి జలుబుతో పోయే వాపు పసివానికి ప్రాణాంతకం కావచ్చు. 1980 తరువాతి సంవత్సరాలలో పాపువా న్యూగినీలో పిల్లలను పరిశీలించిన వైద్యులు, న్యుమోనియాను పసిగట్టడానికి ఊపిరిని లెక్కించడం మంచి సాధనమని తేల్చారు. గడియారం ఉంటే చాలు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట, రొమ్ము కదలికను పూర్తిగా ఒక నిమిషంపాటు లెక్కించాలి. రెండు నెలలు నిండని శిశువుకు 60, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపు పిల్లలకు 40 - ఇవి హద్దులు. దగ్గు ఉన్న బిడ్డ ఊపిరి ఈ సంఖ్యను చేరినా, మించినా ఆనాడే వైద్యునికి చూపాలి. బిడ్డ డొక్కలు ఎగరవేస్తున్నా, శ్వాసతోపాటు రొమ్ము క్రిందిభాగం లోపలికి పోతున్నా, పాలు త్రాగలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మగతగా పడి ఉన్నా లెక్కతో పని లేదు, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. పాలఉబ్బసమని పేరుపెట్టి వాతలు వేయించడం వల్ల బిడ్డకు బాధ, మనకు కాలహరణం తప్ప ఫలితం లేదు. తల్లిపాలు, తట్టు టీకా, కోరింతదగ్గు టీకా ఊపిరితిత్తులకు కూడా రక్షణలే. న్యుమోకాకస్ క్రిమిని అడ్డగించే టీకాను 2021 నుండి దేశమంతటా పసిపిల్లలకు ఉచితంగా వేస్తున్నారు.

పెద్దవారి విషయంలో రెండు మాటలు. మామూలు పడిశానికి కారణం వైరసులు. వాటి మీద యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. అనవసరంగా వాడితే రేపు నిజంగా కావలసిననాడు అవి అక్కరకు రాకపోవచ్చు. ఇక రెండు వారాలు దాటిన దగ్గును దాచిపెట్టరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో తెమడ పరీక్ష, క్షయకు మందులు ఉచితం. మదనపల్లె వద్ద ఆరోగ్యవరం వంటి శానిటోరియంలకు వెళ్ళి మంచిగాలిలో ఏండ్లకొద్దీ ఉంటే తప్ప ఈ వ్యాధి నయం కాదని ఒకప్పుడు అనుకొనేవారు. 1956లో మద్రాసులో ప్రారంభమై 1959లో ఫలితాలు వెలువడిన పరిశోధన, మందులు క్రమంగా వాడితే ఇంటివద్ద కూడా రోగి అంతే చక్కగా కోలుకొంటాడనీ, అందువల్ల ఇంటివారికి అదనంగా ముప్పు లేదనీ రుజువు చేసింది. కాబట్టి రోగిని వెలివేయవలసిన పని లేదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, గదిలో గాలి వెలుతురు ఆడనివ్వడం, మందును మధ్యలో మానకుండా చూడటం, ఇవి ముఖ్యం.

ఈ రాత్రి మీ పిల్లలు నిద్రపోయిన తరువాత దీపం దగ్గరకు జరుపుకొని, గడియారం చూస్తూ ఒక నిమిషం వారి ఊపిరిని లెక్కించండి. ఆ సంఖ్యను క్యాలెండరు మీద వ్రాసి ఉంచండి. ఆరోగ్యంగా ఉన్ననాటి లెక్క తెలిసిన తల్లిదండ్రులకు జబ్బునాటి తేడా వెంటనే తెలుస్తుంది. సెలవు.