సముద్రపు అడుగున ఉమ్మడి సొత్తు



కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారమైన మనకు సముద్రము చాల దూరము. అయినను నేడు సముద్రపు అడుగును గూర్చి ముచ్చటింపదలచితిని. ఆదిలాబాదు ప్రాంతమున సున్నపురాతి పొరల నడుమ మాంగనీసు ఖనిజము కలదు. అతిప్రాచీనకాలమున అచట సముద్రముండెననియు, దాని యడుగుననే యా ఖనిజము పేరుకొనెననియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

నేటి హిందూమహాసముద్రమున సుమారు 5,000 మీటర్ల లోతున ఆలుగడ్డల వంటి నల్లని ముద్దలు పడియున్నవి. వానిలో మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు కలవు. అట్టి ముద్ద పదిలక్షల సంవత్సరములకు కొలది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. 2002లో భారతప్రభుత్వము అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒడంబడిక చేసికొని అచట అన్వేషణాధికారము పొందినది. నేడది 75,000 చదరపు కిలోమీటర్ల మేర కున్నది. ఆ యధికారము వెదకుటకే గాని త్రవ్వుకొనుటకు గాదు.

ఏ రాజ్యమునకును జెందని యా సముద్రతలము మానవజాతి కంతటికిని ఉమ్మడి సొత్తని 1982 నాటి సముద్రన్యాయపు టొప్పందము పలుకుచున్నది. ఉమ్మడి సొత్తనగా నేమో మనకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఊరి చెరువు ఒక్కని సొత్తు గాదు. నీరటికాడు వంతు తప్పించినచో ఊరంతయు నడుగును.

బొగ్గుగనుల సంగతి మన మెరుగుదుము. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండములందు గనులు వేల కుటుంబములకు కూడు పెట్టినవి. పైనుండి త్రవ్వు గనులు వచ్చినచోట ఊళ్లు లేచిపోయినవి. అయినను అచట అడుగుటకు నోరున్న మనుష్యులుండిరి. 2015లో చట్టము సవరింపబడి, బాధితప్రాంతముల మేలునకై జిల్లా ఖనిజనిధు లేర్పడినవి. సముద్రపు అడుగున ఊరు లేదు. ఆ ముద్దల నంటిపెట్టుకొని బ్రతుకు ప్రాణులకు నోరు లేదు. పెరూదేశపు చేరువ సముద్రమున 1989లో పరీక్షార్థము అడుగును దున్నిరి. 2015లో పోయి చూడగా ఆ చాళ్లు చెరగక యుండెను.

అడవులను, గూడెములను త్రవ్వుటకంటె జనులు లేని సముద్రమే మేలుగదా యని కొందరందురు. ఆ మాటలో బలము లేకపోలేదు. కాని సముద్రమును త్రవ్వినంతమాత్రమున భూమిమీది గనులు మూయబడునని పూచీపడు వారెవ్వరు? అంత లోతునుండి పైకి దెచ్చుటకు వ్యయము మెండు. నికెలు, కోబాల్టు లేని బ్యాటరీలును ఇప్పుడు విరివిగా తయారగుచున్నవి. ధర పడిపోయినచో పెట్టుబడి మునుగును. చెడిన అడుగు మాత్రము బాగుపడదు.

కావున లోహములు వలదని నేననను. లాభములో వంతు ఎవరికి, నష్టమునకు జవాబుదారి ఎవరు అను లెక్క ముందు తేలవలయును. కట్ట తెగినపిదప మట్టి మోయుటకంటె, వానకు ముందే తూము చూచుకొనుట పెద్దల పద్ధతి గదా!