కోపమొచ్చిందా? ఏం కావాలో అడగండి



స్నాతకోత్సవానికి వచ్చినవాళ్లు కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట చెప్పడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. నేను కోపం గురించి మాట్లాడతాను. ఈ రోజు పట్టా అందుకున్న మీకు, ఉద్యోగంలో చేరాక కలలకన్నా ముందు ఎదురయ్యేది అదే.

మనమున్న ఈ మోతీనగర్ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ దాటి వెళ్తే జూబ్లీహిల్స్, ఫిలింనగర్. నేను అక్కడ సినిమాలకు కో-డైరెక్టర్‌గా పనిచేస్తాను. ఈ హాల్లో కూర్చున్న తల్లిదండ్రుల్లో లైట్‌మన్లు, కాస్ట్యూమర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారు. సెట్లో కోపం ఎలా దిగివస్తుందో వాళ్లకు బాగా తెలుసు. హీరోగారు గంట ఆలస్యంగా వస్తారు. నిర్మాత ఆయన్ను ఏమీ అనలేడు, డైరెక్టర్ మీద విసుక్కుంటాడు. డైరెక్టర్ కో-డైరెక్టర్ మీద అరుస్తాడు. కో-డైరెక్టర్ అసిస్టెంట్లను ఏకుతాడు. చివరికి టీ చల్లారిందని ప్రొడక్షన్ బాయ్‌కి తిట్లు. ఆ కుర్రాడు ప్యాకప్ అయ్యాక కృష్ణానగర్ గదికి చేరేసరికి ఊళ్లోంచి అమ్మ ఫోన్ చేస్తుంది. "అన్నం తిన్నావా నాన్నా?" అంటే "ఊరికే ఫోన్ చేసి చంపకు" అని పెట్టేస్తాడు. ఆలస్యంగా వచ్చింది ఎవరు, మాట పడింది ఎవరు?

ఇది సినిమావాళ్ల జబ్బు మాత్రమే కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింట్ మీది కోపం టీమ్‌లో కొత్తగా చేరిన పిల్ల మీదికి వస్తుంది. ట్రాఫిక్ మీది కోపం డెలివరీ కుర్రాడి మీద పడుతుంది. మన కోపానికి కళ్లు లేవంటారు గానీ, తిరిగి మాట అనలేనివాణ్ని మాత్రం అది ఇట్టే పోల్చుకుంటుంది. అందుకే ఎవరి మీదైనా నోరు లేచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే తప్పు మా బాస్ చేస్తే ఇలాగే అరుస్తానా? అరవను అనుకుంటే, కోపాన్ని ఆపుకోవడం మీకు వచ్చినట్టే. "కోపమొస్తే నేను మనిషిని కాను" అనే మాట ఇక మీరు వాడకూడదు.

అలాగని కోపాన్ని మింగేయమని చెప్పను. మింగిన కోపం నిద్ర చెడగొడుతుంది, తిండి సహించనివ్వదు. అన్యాయం జరిగినప్పుడు కోపం రావాలి. వచ్చాక దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే అసలు విద్య.

మా పరిశ్రమలోనే చూడండి. 2025 ఆగస్టు 4న తెలుగు సినీ కార్మికులు సమ్మెకు దిగారు. వేతనాలు 30 శాతం పెంచాలన్నది వాళ్ల డిమాండ్. ఖర్చులు ఇప్పటికే మోయలేకుండా ఉన్నామన్నది నిర్మాతల వాదన. షూటింగ్‌లు ఆగిపోయాయి. మైకుల ముందు మాటలు ముదిరాయి. చర్చలు జరిగాయి, విఫలమయ్యాయి, మళ్లీ జరిగాయి. కడకు ప్రభుత్వం, కార్మిక శాఖ మధ్యలో కూర్చుంటే ఆగస్టు 21న, పద్దెనిమిదో రోజున సమ్మె ముగిసింది. మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరింది. అడిగినంతా రాలేదు, ఇవ్వకూడదనుకున్నదంతా మిగల్లేదు. మళ్లీ అదే నిర్మాత, అదే లైట్‌మన్ ఒకే సెట్లో పనిచేసుకున్నారు.

ఇందులో మన ఇళ్లకు పనికొచ్చేది ఉంది. "మా బతుకులంటే మీకు లెక్కలేదు" అన్నమాటకు ఎవరూ జవాబు చెప్పలేరు. "ముప్పై శాతం పెంచండి" అంటే జవాబు ఉంటుంది. అవుననొచ్చు, కాదనొచ్చు, ఇంత ఇస్తాననొచ్చు. ఇంట్లోనూ అంతే. "నీకు నేనంటే పట్టదు" అంటే గొడవ. "ఆలస్యమయ్యే రోజు ఎనిమిదింటికల్లా ఫోన్ చెయ్యి" అంటే కోరిక. రూమ్మేట్‌ని "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "సోమ, బుధ, శుక్రవారాలు గిన్నెలు నువ్వు కడుగు" అనండి. ఎదుటివాడు ఒప్పుకోవడానికి వీలుగా అడగండి. మీకేం కావాలో మీకే తెలియకపోతే, అది తేలేదాకా నోరు విప్పకండి.

తల వేడెక్కినప్పుడు చర్చ వాయిదా వేయడం ఓటమి కాదు. అయితే తలుపు దబాలున వేసి పోవద్దు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పి వెళ్లండి. "అన్నాలయ్యాక కూర్చుందాం" అంటే చాలు. ఇద్దరి వల్లా తెగకపోతే ఇద్దరికీ నచ్చిన పెద్దమనిషిని పిలవండి. ఒక్క సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. చెయ్యి చేసుకోవడం గొడవ కిందికి రాదు, అది నేరం. అక్కడ సర్దుకుపొమ్మనే సలహా ఎవరిచ్చినా వినకండి. మహిళల సహాయానికి 181 నంబరుంది.

మా సెట్లలో ఇంకో అలవాటుంది. యాభైమంది ముందు తిట్టి, తర్వాత క్యారవాన్‌లోకి పిలిచి సారీ చెప్పడం. తెరమీద గయ్యాళి అత్త అంటే గుర్తొచ్చే సూర్యకాంతం గారు ఒక సన్నివేశంలో నటుడు నాగయ్య గారిని తిట్టాల్సివస్తే, షాట్ అయ్యాక ఆయన కాళ్లకు నమస్కరించారని పరిశ్రమలో చెప్పుకుంటారు. అవి రాసిచ్చిన తిట్లు, ఆమె సొంతం కావు. సొంత తిట్లు తిట్టినవాళ్లం మనమెంత చెయ్యాలి? నలుగురిలో అన్నమాటకు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పండి.

చివరగా, కోపాన్ని ఒంటరిగా మోయలేనివాళ్ల కోసం మన పక్కనే ఉన్న ఎర్రగడ్డ ఆస్పత్రి సంగతి. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డలో చేర్పించండ్రా" అంటాం. మా సినిమాలు ఆ జోకును ఊరూరా మోశాయి. దాని ఫలితం ఏమిటంటే, నిద్రపట్టక, ఊరికే ఏడుపొచ్చి, చీటికిమాటికి చిర్రెత్తి నలిగిపోతున్నవాళ్లు కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడుతున్నారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆస్పత్రి. జ్వరానికి ఆస్పత్రికి వెళ్లినట్టే అక్కడికీ వెళ్లొచ్చు. అంత దూరం అడుగు పడకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, మీ పక్కవాడికి రావచ్చు.

మీలో చాలామంది ఒకనాటికి ఎవరికో ఒకరికి పైఅధికారి అవుతారు. ఆ రోజు పైనుంచి వచ్చిన కోపం మీ దగ్గర ఆగాలి, మీ కిందివాళ్ల దాకా పోకూడదు. నేను మిమ్మల్ని కోరేది ఇదొక్కటే.