పందెపు గుర్రముల వేలము – పడుచు పోతు వెల



పాడిని గూర్చి వినవచ్చిన మీకు పందెపు గుర్రములను గూర్చి చెప్పబోవుట వింతగా తోచవచ్చును. గుర్రములు పెంచువారు మనలో అరుదు. పందెము కాయుడని చెప్పుట నా ఉద్దేశము అసలే కాదు. అయితే మీలో అనేకులు పశువుల సంతలో ఒక కోడె ముందు నిలబడి, దాని మూపురము, గంగడోలు, నడక చూచి, దీనికి పుట్టబోవు దూడలు ఎట్లుండునో అని మనసులో లెక్క వేసియే యుందురు. ఆ కోడె ఇంకను ఒక్క దూడకైనను తండ్రి కాలేదు. అయినను ఆ లెక్కను నమ్మియే మీరు వేలకు వేలు చెల్లింతురు. ఇట్టి లెక్కపై లోకములో అందరికంటె ఎక్కువ ధనము పోయువారు థరోబ్రెడ్ అను జాతి పందెపు గుర్రములను పెంచువారు. వారి వంశావళి గ్రంథము ఇంగ్లండులో 1791లో మొదలైనది. ఏ గుర్రము ఎంతకు అమ్ముడైనదో, తరువాత ఏమైనదో అంతయు అచ్చులో నున్నది. వారు ధనము పోసి నేర్చుకొన్నది మనము చదివి తెలిసికొనవచ్చును.

ముందుగా వేలము జరుగు తీరు చెప్పెదను. ఇంగ్లండులో టాటర్సాల్స్ అను సంస్థ 1766 నుండి గుర్రములను వేలము వేయుచున్నది. అమెరికాలో కెంటకీ రాష్ట్రమున కీన్‌లాండ్ అనుచోట ఏటేట సెప్టెంబరులో జరుగు వేలమునకు నాలుగువేల దరిదాపుగా ఏడాది పిల్లలు వచ్చును. వీటి వీపుపై ఇంకను ఎవరును స్వారి చేయలేదు. ఒక్క పందెమైనను పరుగెత్తలేదు. పాటదారు చేతిలో ఉండునది ఒక పుట మాత్రమే. పుట పైభాగమున తండ్రి పేరు, క్రింద తల్లి, అమ్మమ్మ, వారి సంతానము గెలిచిన పందెములు వరుసగా ఉండును. పెద్ద పందెములు గెలిచిన వాని పేర్లు దట్టమైన నల్లని అక్షరములతో అచ్చువేయుదురు. పాటదారు ఆ పుట చదివి, పిల్లను నడిపించి చూచి, పశువైద్యునిచే కాళ్ల ఎక్స్‌రేలను, గొంతును పరీక్ష చేయించి పాటకు దిగును. నా అభిప్రాయములో ఆ పుటలో తండ్రి పేరుకంటె తల్లి వైపు వ్రాత ఎక్కువ విలువ గలది. ఏలననగా పడుచు తండ్రిని గూర్చి వ్రాయుటకు వాని పందెములు తప్ప మరేమియు ఉండదు.

ఇక అసలు సంగతికి వత్తము. మంచి పందెములు గెలిచిన మగ గుర్రమును నాలుగైదేండ్ల ప్రాయమున పందెములు మాన్పించి విత్తనమునకు విడుతురు. మొదటి సంవత్సరము వసంతములో ఆడుగుర్రములను దాటించెదరు. చూలు పదకొండు నెలలు. రెండవ సంవత్సరము పిల్లలు పుట్టును. మూడవ సంవత్సరము ఆ పిల్లలు వేలమునకు వచ్చును. నాలుగవ సంవత్సరమున గాని వాటిలో ఒక్కటియు పందెములో పరుగెత్తదు. అనగా మూడు ఋతువులు గడచినను తండ్రి మంచివాడో కాడో లోకమునకు తెలియదు. ఆ మూడు ఋతువులును రుసుము వసూలగుచునే యుండును.

ఇందులో ఒక విడ్డూరము గలదు. కొత్త గుర్రమునకు మొదటి ఏడు ఆడుగుర్రముల కరవుండదు. రెండవ, మూడవ ఏండ్లలోనే తగ్గును. ఏమియు తెలియనప్పుడు గిరాకి ఎక్కువగా ఉండుటకు కారణ మేమి? పిల్లలను పెంచువారిలో చాలమంది వాటిని పరుగెత్తించుటకు కాక వేలములో అమ్ముటకే పెంచుదురు. మొదటి కాన్పు పిల్లలు వేలమునకు వచ్చునాటికి తండ్రి ఓడినాడని ఎవరికిని తెలియదు, అతని కీర్తి ఇంకను తాజాగా ఉండును. కాబట్టి నిజము బయటపడక ముందే అమ్ముకొని తప్పుకొనవచ్చును. మూడవ ఏట దాటించిన వాని పిల్ల వేలమునకు వచ్చునాటికి అన్నలు అక్కలు పరుగెత్తి తండ్రి గుట్టు చెప్పివేయును. అమ్మువాని దృష్టిలో ఇది తెలివైన లెక్కయే. కాని కొని ఇంట నుంచుకొనువానికి ఈ లెక్క పనికిరాదు. సంతలో మీకు కోడెను చూపువాడు అమ్మువాడు, మీరు ఇంట నుంచుకొనువారు. ఈ భేదము మరువకుడు.

కొన్ని ఉదాహరణములు వినుడు. 1983లో కీన్‌లాండ్‌లో స్నాఫీ డాన్సర్ అను ఏడాది పిల్లను 1 కోటి 2 లక్షల డాలర్లకు పాడినారు. ఇద్దరు సంపన్నులు పట్టుదలకు పోయినందున పాట అంతకు పెరిగినది. కోటి డాలర్లు దాటిన మొదటి ఏడాది పిల్ల ఇదియే. తండ్రి నార్తర్న్ డాన్సర్ అను మహా ప్రసిద్ధుడు. ఈ పిల్ల ఒక్క పందెమైనను పరుగెత్తలేదు. సరే, వంశమున్నది గదా అని విత్తనమునకు విడిచిరి. చూలు కట్టు శక్తి లోపించి, జీవితమంతటిలో నాలుగు పిల్లలకు మాత్రమే తండ్రి అయినది. 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ది గ్రీన్ మంకీ అను రెండేండ్ల గుర్రము 220 గజములు 9.8 సెకండ్లలో పరుగెత్తి చూపగా 1 కోటి 60 లక్షల డాలర్లు పలికినది. అది మూడు పందెములలో పరుగెత్తి ఒక్కటియు గెలువలేదు. సంపాదించినది మొత్తము 10,440 డాలర్లు.

ఇప్పుడు రెండవ వైపు చూడుడు. పైన చెప్పిన నార్తర్న్ డాన్సర్‌నే 1962లో కెనడాలో 25,000 డాలర్లకు అమ్మజూపగా, పొట్టిగా ఉన్నదని ఎవరును కొనలేదు. యజమాని తానే ఉంచుకొనెను. అది 1964లో కెంటకీ డెర్బీ గెలిచినది. 1965లో 10,000 డాలర్ల రుసుముతో విత్తనమునకు దిగి, 1980ల నాటికి ఒక్క దాటింపునకు పది లక్షల డాలర్లవరకు పలికినది. దాని కొడుకు డాన్జిగ్ మోకాలి జబ్బుచే మూడు పందెములలో మాత్రమే పరుగెత్తెను, మూడును గెలిచెను. అట్టి కుంటిదానిని 1981లో 20,000 డాలర్లకు విడిచినపుడు అది పూర్తిగా ఊహ మీది బేరమే. మొదటి కాన్పులోనే చీఫ్స్ క్రౌన్ పుట్టి 1984లో రెండేండ్ల గుర్రములలో మేటి అనిపించుకొనెను. డాన్జిగ్ 1991 నుండి 1993 వరకు వరుసగా మూడేండ్లు ఉత్తర అమెరికాలో మొదటి స్థానము పొందిన తండ్రి. కాబట్టి పడుచు పోతులందు ఆశ అబద్ధము కాదు. అయితే ఏది డాన్జిగ్ అగునో, ఏది స్నాఫీ డాన్సర్ అగునో వేలము నాడు పాటదారునకు తెలియదు, అమ్మువానికి కూడ తెలియదు.

ఎందుకు తెలియదు? తండ్రి నుండి సగము, తల్లి నుండి సగము గుణములు పిల్లకు వచ్చుననుట మీరెరిగినదే. ఏ సగము వచ్చునో అది చీటీ వేసినట్లు జరుగును. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములలో ఒకడు ఏపుగాను, ఒకడు పీలగాను ఉండుట మన ఇండ్లలోనే చూచుచున్నాము. వంశావళి చూచినపుడు ఆ కుటుంబపు సగటు తెలియును గాని, మీ యెదుట నిలిచిన కోడెకు పడిన చీటీ ఏదో తెలియదు. అది పుట్టిన కూతుళ్ల పాలలో గాని బయటపడదు.

గుర్రముల వారికి ఇందులో మనకు లేని చిక్కు ఒకటి గలదు. థరోబ్రెడ్ జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధము. అట్లు పుట్టిన పిల్లను వంశావళి గ్రంథములో చేర్చరు. రుజువైన మంచి పోతు ఏడాదికి దాటగలిగినన్నిటికే ఉపయోగపడును, చనిపోయిన దానితో సరి. అందుచే మిగిలినవారు పడుచువాటి వెంట పరుగెత్తక తప్పదు. మనకు ఆ తొందర లేదు. ఆబోతు వీర్యమును ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో ఏండ్ల తరబడి నిలువచేయవచ్చును. పడుచు ఆబోతు వీర్యమును కొద్దికొద్దిగా అనేక గ్రామములలోని పశువులకు వేసి, కూతుళ్లు ఈని పాలిచ్చువరకు ఆగి, లెక్కలు చూచి మంచి ఆబోతును నిర్ణయించుటనే సంతతి పరీక్ష అందురు. మన ఒంగోలు ఆవులలోను, ముర్రా గేదెలలోను దీనికి చాల ఏండ్లు పట్టును. ఇటీవల రక్తపు చుక్కనుండియో, వెండ్రుకల మొదళ్లనుండియో జన్యువులను చదివి పడుచు దూడ విలువను ముందుగానే అంచనా కట్టు పద్ధతి వచ్చినది. అమెరికాలో హోల్‌స్టీన్ పశువులకు 2009 నుండి దీనిని వాడుచున్నారు. మన దేశపు పశువులకు తగిన జన్యు చిప్పులు 2024లో విడుదలైనవి. ఇది చీటీని కొంతవరకు చదువును. పూర్తిగా చదువలేదు, కూతుళ్ల పాల లెక్కలు లేనిదే ఈ పద్ధతియు నడువదు.

కావున మీ ఇంట పది పశువులుండిన, ఎక్కువ వాటికి రుజువైన ఆబోతు వీర్యమునే వేయించుడు. ఒకటి రెంటికి మాత్రము పరీక్షలోనున్న పడుచు ఆబోతు వీర్యము వేయింపవచ్చును. అందరును పడుచువాటిని వద్దన్నచో రేపటి రుజువైన ఆబోతులు ఎక్కడినుండి వచ్చును? స్ట్రాపై నున్న ఆబోతు సంఖ్యను తేదీతో సహా పుస్తకములో వ్రాసికొనుడు. ఆ తల్లి ఒక ఈతలో ఎన్ని లీటర్లిచ్చినదో అడుగుడు. ఫోటోలోని మూపురము దానికి సమాధానము కాదు.

కృత్రిమ గర్భధారణ కేంద్రము దూరమై ఊరందరు కలిసి ఆబోతును కొనవలసి వచ్చినచో, బ్రుసెల్లోసిస్, క్షయ పరీక్షలును, వీర్య పరీక్షయు చేయించక డబ్బు కట్టకుడు. అమెరికాలో సిగార్ అను మేటి గుర్రమును 1997లో విత్తనమునకు విడిచి 34 ఆడుగుర్రములను దాటించిరి. ఒక్కటియు చూలు కట్టలేదు. భీమా కంపెనీ 2 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చినది. మన గ్రామ సంఘముల ఆబోతుకు అట్టి భీమా ఎవరు చేయుదురు? ఈ విషయమున గుర్రములవారి కట్టుబాటు ఒకటి మనకు అక్కరకు వచ్చును. వారి ఒడంబడికలలో చాలవరకు పుట్టిన పిల్ల లేచి నిలబడి తల్లి పాలు కుడిచిన తరువాతనే దాటింపు రుసుము చెల్లును. మీరును ఆబోతు వెలలో సగము ముందిచ్చి, మిగిలిన సగము, దాటించిన మొదటి పది పశువులను మూడు నెలలకు పశువైద్యుడు పరీక్షించి, ఎన్నిటికి చూలు నిలిచినదో చెప్పిన పిమ్మట ఇచ్చునట్లు కాగితము వ్రాయించుకొనుడు. పదింటిలో ఎన్ని నిలువవలెనో ఆ సంఖ్యను కాగితములోనే వేయించి, సాక్షులచే సంతకములు చేయించవలెను.