కొసరు పిచ్చుక



స్వస్థలమునకు దూరముగ ఉద్యోగము చేయు కుటుంబములకు ఒక ప్రత్యేకమైన భయము కలదు. అర్ధరాత్రమున టెలిఫోను మ్రోగును. ఊరిలో తల్లికి జబ్బు చేసినదని వార్త వచ్చును. సెలవు మంజూరు కావలయును, రైలులో చోటు దొరకవలయును. దొరికినను ఇల్లు చేరుటకు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. ఆ మధ్యకాలమున ఆమెను చూచువారెవరు? "దేవుడే చూచుకొనును" అని ఇరుగుపొరుగువారు ఊరడింతురు. మతభేదము లేక తెలుగువారందరి నోటను వచ్చు మాటయే ఇది. క్రైస్తవ గ్రంథమున ఈ మాటకు గల అర్థమేమి, అందు నిజముగ ఊరట యున్నదా యని విచారించుటయే ఈ ప్రసంగమున ఉద్దేశము.

యేసు పిచ్చుకలను గూర్చి పలికిన మాటలు రెండు సువార్తలలో కలవు. మత్తయి వ్రాసినదానిలో పిచ్చుకల ధర కాసుకు రెండు. లూకా వ్రాసినదానిలో రెండు కాసులకు ఐదు. ఆ కాసు రోమీయుల చిన్న నాణెము. ఒక దినపు కూలియైన దేనారములో పదునారవ వంతు. లెక్క ప్రకారము రెండు కాసులకు నాలుగు పిచ్చుకలే రావలయును. ఐదవది కొసరు! సంతలో కూరగాయలమ్మునామె బేరము కుదిరిన పిదప సంచిలో వేయు వంకాయ వంటిది. దానికి వెల లేదు. ఆ ఐదింటిలో ఒక్కటియు దేవుని యెదుట మరువబడలేదని యేసు చెప్పెను. అనగా ఆ కొసరు పిచ్చుక కూడ మరువబడలేదు.

అయితే పిచ్చుక నేల కూలదని ఆయన చెప్పలేదు. తండ్రికి తెలియకుండ కూలదని మాత్రమే మత్తయి సువార్తలోని భావము. అదియును సుఖముగ కూర్చున్నవారితో పలికిన మాట కాదు; హింసలు ఎదురుకానున్న శిష్యులను పంపుచు పలికిన మాట. కష్టములో నున్నవానితో "నీకేమియు కాదు" అని త్వరపడి చెప్పు భక్తులు ఈ వాక్యమును సగమే చదివినవారు.

పాత నిబంధనలోని హాగరు కథయు ఇట్టిదే. ఆమె ఐగుప్తు దేశపు దాసి. అబ్రాహాము ఇంటిలో ఆమె మాటకు విలువ లేదు. యజమానురాలి బాధ తాళలేక గర్భిణియై ఎడారికి పారిపోయినప్పుడు, నీటి ఊట దగ్గర దైవవాణి వినెను. తనను చూచు దేవుడని ఆయనకు పేరు పెట్టినది ఆ దాసియే. కొన్ని సంవత్సరములకు కుమారునితో కూడ ఆమెను ఇంటినుండి వెడలగొట్టిరి. తిత్తిలోని నీరు అయిపోయెను. బిడ్డను ఒక పొద క్రింద పరుండబెట్టి, వాని చావు చూడలేక, వింటివేత దూరమున కూర్చుండి ఏడ్చెను. తల్లి చూడలేనిదానిని దేవుడు చూచుచుండెను. అప్పుడు ఆమె కన్నులు తెరవబడి, ఒక నీళ్ల బావిని చూచెనని గ్రంథము చెప్పుచున్నది. బావి అప్పుడే పుట్టినదని చెప్పలేదు.

తెలుగునాట ఈ సంగతికి ఒక పెద్ద పరీక్ష జరిగినది. అది 1876లో మొదలైన ధాత కరవు. మద్రాసు రాజధానిలో మరణించినవారిని లక్షలలో లెక్కింపవలసి వచ్చెను. పనిచోట్ల దినమునకు ఒక పౌను బియ్యము, అనగా ఇంచుమించు 450 గ్రాములు, దానితో కొద్ది పైకమును చాలునని 1877లో సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. కాలువ త్రవ్వు మనిషికి అది చాలదని వాదించినవాడు రాజధాని ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిష్. ఆయన పట్టు విడువలేదు. కొన్ని నెలలకు కూలి హెచ్చింపబడెను. ఆకలిగొన్నవారిని చూచు కన్ను ఆ సమయమున ఒక ఉద్యోగి వ్రాసిన కాగితములందును ఉండెననుట ప్రభుత్వోద్యోగుల ఈ సభలో చెప్పదగినది.

ఒంగోలులో బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ పూర్వము అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని ఆయన కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వచ్చినవారిలో పెక్కుమంది మాదిగ కులస్థులు. ఊరి లెక్కలో కొసరుకైనను రానివారు. మిషనులోని తెలుగు బోధకులే మేస్త్రీలై పని చూచుచుండిరి. తట్టలు దించి జనులు విశ్రమించు వేళ, భారము మోయువారిని తన యొద్దకు రమ్మని యేసు పిలిచిన పిలుపును గూర్చి వారు చెప్పుచుండిరి. మట్టితట్ట నెత్తిన మోయువానికి ఆ మాట విడమరచి చెప్ప నక్కరలేదు. అయినను తట్ట మోయక తప్పలేదు. కరవు వెంటనే తీరలేదు. దేవుని చూపు ఆ జనులకు పనిగను, కూలిగను, ప్రక్కన కూర్చుండి మాటలాడు మనిషిగను వచ్చినది.

క్లౌ చేసిన ఇంకొక పని మెచ్చదగినది. అన్నము కొరకు మతము మారిరను మాట రాకుండుటకై, కరవు తీవ్రముగ నున్న కాలమున ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. సహాయపు పనులు ముగిసిన పిదప కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఆ సంఖ్య మిషను చరిత్రలలో ఒక్క అంకెయు తప్పక నిలిచియున్నది.

కరవులో కూలినవారి సంఖ్య మాత్రము నేటికిని అంచనాయే. దారిలో పడిపోయిన తల్లులు, పొదల నీడన విడువబడిన బిడ్డలు ఎందరో ఏ దస్త్రమునకును ఎక్కలేదు. ఐదవ పిచ్చుకను గూర్చిన మాటను క్రైస్తవులు వారిని తలచుకొనియు చదువుదురు.