మిలిటరీ తాతను తలచుకుందాం, మన కాగితాలు సరిచూసుకుందాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మనల్ని విడిచిపోయిన మిలిటరీ తాత గురించి నాలుగు మాటలు చెప్పాలని కార్యవర్గంలో అనుకున్నాం. పేరు అచ్చు వేయొద్దని ఇంటివాళ్లు అన్నారు. వేయకపోయినా ఫర్వాలేదు. గోదారి ఒడ్డు నుంచి అడవి అంచు దాకా మిలిటరీ తాత అంటే మనకు ఒక్కరే.

1971 యుద్ధం రోజుల్లో ఆయన పటాలంలో ఉన్నారు. హవల్దారుగా రిటైరై ఊరికొచ్చారు. యుద్ధం కథలు చెప్పమని పిల్లలు అడిగితే నవ్వి, పటాలంలో రొట్టెలు కాల్చడం ఎట్లా నేర్చుకున్నారో చెప్పేవారు. అది ఉత్త మాట కాదు. సంఘం మీటింగు రోజు అమ్మమ్మతో "నువ్వు పో, పశువుల్ని నేను తోలుకొస్తా" అని పంపి, వంట తనే చేసేవారు. ఆడవాళ్లు వారం వారం కూర్చుని ఏం మాట్లాడుకుంటారని ఊరు నవ్విన రోజులవి. అప్పుడు ఒక ఇంటి మగమనిషి అట్లా నిలబడడం మనకు ఎంత బలమో ఇక్కడున్న పెద్ద అక్కలకు తెలుసు.

వానాకాలం వస్తే ఆయన వాడవాడా తిరిగేవారు. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. తాత లెక్క మాత్రం ఇట్లుండేది: మొదటి హెచ్చరికకు కాగితాలు సంచిలో పెట్టాలి. రెండోదానికి ముసలివాళ్లు, బాలింతలు, పశువులు గట్టుకు చేరాలి. మూడోదాని కోసం చూడనే వద్దు. 1986 ఆగస్టులో 75.6 అడుగుల నీళ్లు చూసిన మనిషి కదా! 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆర్మీ బృందం కూడా సాయానికి వచ్చింది. వాళ్లు రాకముందే మన వాడలు ఖాళీ అయినయంటే ఆ లెక్క వల్లనే.

"ముందు బియ్యం కదా తాతా, కాగితాలెందుకు?" అని అడిగితే ఒకటే మాట అనేవారు. "బియ్యం ఎవరైనా ఇస్తరు బిడ్డా. కాగితం లేకుంటే అవి ఎవరి పేరున ఇయ్యాలె?"

ఆ మాట విలువ ఆయన పోయినాక మనకు బాగా తెలిసింది. జవాను పోతే భార్యకు ఫ్యామిలీ పింఛను వస్తుంది. మామూలుగా అది ఆఖరి మూల వేతనంలో 30 శాతం. కానీ పింఛను ఆర్డరులో, అదే పీపీఓలో, భార్య పేరు, పుట్టిన తేదీ ఉండాలి. అవి ఆధార్‌తో, బ్యాంకు పుస్తకంతో కలవాలి. తాత బతికుండగానే ఇవన్నీ సరి చేయించి, ఒక రేకు పెట్టెలో పెట్టి, తాళం అమ్మమ్మ చేతికి ఇచ్చారు. ఏ కాగితం దేనికో ఆమెతో పదిసార్లు చెప్పించుకున్నారు. అందుకే అమ్మమ్మ ఇవాళ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

పొరుగు ఊరి అక్కది వేరే కథ. ఆమె భర్త కూడా జవానే. పటాలం రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో పిలుపు పేరు, బ్యాంకులో ఇంకో పేరు. ఆ మూడు పేర్లూ తనవేనని రుజువు చేసుకోవడానికి ఆమె ఏడాది తిరిగింది. కూలి పోయింది, చార్జీలు పోయినయి, సంఘం కిస్తీ కట్టలేక మన ముందే తల వంచుకుని నిలబడ్డది. తాతే ఆమెను వెంటబెట్టుకుని ఖమ్మం సైనిక సంక్షేమ కార్యాలయానికి నాలుగుసార్లు పోయారు. ఒక్కసారి కూడా ఆమె చేత టికెట్ కొననియ్యలేదు.

మన దిక్కు ఈ తిప్పలు ఇంకాస్త ఎక్కువ. పాత కాగితాల్లో అందరిదీ ఖమ్మం జిల్లానే. 2014లో పోలవరం ముంపు కింద కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రలోకి పోయినయి. 2016 అక్టోబరులో మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మన గడప కదల్లేదు, చిరునామా మాత్రం మారింది. మన ఆడబిడ్డలు, అక్కచెల్లెళ్లు అవతలి మండలాల్లో ఎంతమంది లేరు!

సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైనప్పుడు దేశమంతా కన్నీరు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం ఆయన భార్యకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి రూపాయలు ఇచ్చింది. భార్య సంతోషి గారికి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అది న్యాయమే. కానీ రిటైరై ఊళ్లో కన్నుమూసిన సిపాయి ఇంటికి ఏ కారూ రాదు. ఆ ఇంటి ఆడమనిషికి దిక్కు ఆ కాగితమే. ఇప్పుడు అగ్నివీర్లుగా పోతున్న మన పిల్లలకు నాలుగేళ్ల తర్వాత పింఛను కూడా లేదు. వాళ్ల బీమాలో నామినీ ఎవరో తల్లులు అడిగి తెలుసుకోవాలి.

ఇది జవాన్ల ఇళ్ల మాట మాత్రమే కాదు. బీమా, పొదుపు ఖాతా, రెండిటిలోనూ నామినీ కాలమ్ ఉంటుంది. చాలామందికి అందులో ఏం రాసి ఉందో తెలియదు.

అందుకని తాత పేరు మీద ఫోటోకు దండ వేసి ఊరుకోవద్దని కార్యవర్గం తీర్మానం పెడుతున్నది. వచ్చే వానాకాలం లోపల ప్రతి సంఘం ఒక మీటింగు పూర్తిగా కాగితాలకే పెట్టాలి. ప్రతి సభ్యురాలు తన పేరు అన్నిటిలో ఒకేలా ఉందా, నామినీ ఎవరు అన్నది చూసుకోవాలి. తేడా ఉంటే గ్రామ సంఘం రాసుకుని, తోడుగా ఒక మనిషిని ఆఫీసుకు పంపాలి. ఒంటరిగా ఎవర్నీ పంపొద్దు. తాత పంపలేదు, మనమూ పంపం.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. సెలవు.