మోటారు ముందుదీపము

నేడు నేను చెప్పబోవు విషయము చాల చిన్నది. మోటారు కారు ముందుదీపములోని బల్బు మాడిపోయినపుడు ఇంటియొద్దనే దానిని మార్చుకొనుట యెట్లు? ఇంత స్వల్పవిషయమునకు రేడియో ప్రసంగమేల యని కొందరనవచ్చును. మా పాచిపెంట కొండదారిని రాత్రివేళ ప్రయాణము చేసినవారు మాత్రము అట్లనరు.

సాలూరునుండి కోరాపుట్టుకు పోవు 26వ నంబరు జాతీయ రహదారి మా మండలములోని పి. కోనవలస యొద్ద కొండనెక్కి, సుంకి మీదుగా ఒడిశాలో సాగును. ఒక ప్రక్క కొండ, మరియొక ప్రక్క లోయ. సాలూరు లారీలకు పేరుపడిన పట్టణము. కావున ఈ దారిని రాత్రియు లారీలు నడచుచునే యుండును. వానకాలమున మబ్బు రోడ్డుమీదికి దిగును. అట్టిచోట ఒక్క దీపముతో వచ్చు కారును ఎదుటి లారీ డ్రైవరు మోటారుసైకిలని తలచును. మోటారుసైకిలుకు చాలినంత దారియే వదలును. ఆరినది కుడిదీపమైనచో అపాయము మరింత హెచ్చు. ఏలయన, చీకటిలో దాగియున్న సగము కారు రోడ్డు నడిమివైపున నుండును. దీపము మనము చూచుటకు మాత్రమే కాదు, ఎదుటివారికి మనము కనబడుటకు కూడ.

కొన్ని క్రొత్త కార్లలో ఎల్.ఇ.డి. దీపములు బిగించియే వచ్చును. వాని పని మెకానిక్కుది. నేను చెప్పునది హేలోజన్ బల్బును గూర్చి. 1971లో వచ్చిన హెచ్4 అను రకము మన కార్లలో విశేషముగా వాడుకలో నున్నది. దానిలో రెండు టంగ్‌స్టన్ తీగలు గలవు. దూరపు వెలుగునకు 60 వాట్లది, దిగువ వెలుగునకు 55 వాట్లది. దిగువ వెలుగు తీగక్రింద దొన్నెవంటి చిన్న లోహపు రేకు అమర్చియుండును. అది క్రిందికి పోవు కాంతి నాపును. పైకి పోయిన కాంతి రిఫ్లెక్టరు పైసగమునకు తగిలి రోడ్డుమీదికి వంగును. బల్బు వంకరగా కూర్చున్నచో ఆ కాంతియే ఎదుటివాని కన్నులలో పడును. ఈ పనిలో జాగ్రత్త యంతయు ఇందుకొరకే.

ఇంజిను నాపి, దీపములార్పి, బల్బు చల్లారువరకు తాళవలెను. బానెట్టు నెత్తి దీపము వెనుకభాగము చూచిన ప్లగ్గు కనబడును. వైర్లను పట్టి లాగక ప్లగ్గునే పట్టి తిన్నగా లాగవలెను. అది మాడి నల్లబడియున్నచో ముందు దానిని బాగుచేయింపవలెను. తరువాత రబ్బరు తొడుగును ఊడదీసి, స్ప్రింగు తీగను నొక్కి ప్రక్కకు తప్పించినచో బల్బు చేతికి వచ్చును. లోని తీగలు తెగక యున్నచో దోషము బల్బుది కాకపోవచ్చును, ఫ్యూజును చూడుడు.

క్రొత్తబల్బును లోహపు మొదలు పట్టుకొని తీయవలెను. గాజును వ్రేళ్లతో ముట్టరాదు. కాలుచున్న తీగనుండి ఆవిరియైన టంగ్‌స్టన్‌ను మరల తీగకు చేర్చుటకే బల్బులో హేలోజన్ వాయువు నుంచెదరు. ఆ క్రియ జరుగుటకు గాజు మిక్కిలి వేడిగా నుండవలెను. చేతిజిడ్డు అంటినచోట ఆ వేడి మితిమీరి గాజు చెడును. పొరపాటున ముట్టినచో స్పిరిటుతో తుడిచి ఆరనిండు. బల్బు పళ్లెమునకు మూడు చెవులుండును; అవి గాడులలో ఒక్కవిధముననే యిముడును. ఇమడనిచో త్రిప్పి చూడవలెనే కాని బలవంతము కూడదు. స్ప్రింగు తీగను బిగించి, రబ్బరు తొడుగును తప్పక తొడిగి, ప్లగ్గు పెట్టుడు. తొడుగు లేనిచో వానచెమ్మయు ధూళియు చేరి రిఫ్లెక్టరు మసకబారును. ఒక బల్బు పోయినపుడు రెండింటిని మార్చుట మేలు. తోటిది కూడ అంతే కాలము కాలియుండును.

పని యింతటితో ముగియదు. సమతలమున, గోడకు ఐదు మీటర్ల దూరమున కారు నిలిపి దిగువ వెలుగు వేయుడు. రెండు కాంతుల పైయంచులును ఒకే యెత్తున నుండవలెను. ఎడమవైపున అంచు కొంత పైకి లేచుట సహజము. మనము ఎడమప్రక్క నడచువారము గదా. కుడివైపున లేచినచో బల్బును తీసి సరిగా కూర్చుండబెట్టవలెను. దీపమునకు 8 మీటర్ల దూరమున, నేలకు మీటరున్నర యెత్తున నున్న కన్నునకు మిరుమిట్లు గొలుపరాదని 1989నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి.

వెలుగు చాలదని 100 వాట్ల బల్బు కొనువారు కలరు. దానివలన వైర్లు వేడెక్కి ప్లగ్గు కరగవచ్చును, ఎదుటివాడు గ్రుడ్డివాడగును. మబ్బులో దూరపు వెలుగు వేసినను మేలు లేదు. నీటితుంపరలకు తగిలిన కాంతి తిరిగి మన కన్నులకే వచ్చి, ముందు తెల్లని గోడ నిలిపినట్లుండును. అచట దిగువ వెలుగే దారి చూపును.

నేను నా కారులో ఒక జత బల్బులును, శుభ్రమైన గుడ్డయు, చేతిదీపమును ఎల్లప్పుడు ఉంచుకొందును. వీని వెల ఒక టైరు వెలలో స్వల్పాంశము. కొండ యెక్కకమునుపే, ఇంకను చదునునేల యుండగనే, ఒక్కమారు దిగి రెండు దీపములును రెండు విధముల వెలుగుచున్నవో లేదో చూచుకొనుడు. లోపమున్నచో అచటనే మార్చుకొనుడు. మలుపులో బండి నాపి చేయదగిన పని కాదు. సెలవు.