అడగకుండా తీసిన ఫొటో

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ని కాను. బ్యాంకులో గుమాస్తాని. ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని తిరగడం సరదా. ఈవిడ సరదాతో మనకేం పని అనుకోకండి. ఇవాళ మీ అందరి చేతుల్లోనూ ఫోనుంది, అందులో కెమెరా ఉంది. నేను చేసిన తప్పు మీరూ చెయ్యొచ్చు.

చాలా ఏళ్ళ క్రితం గుంటూరు దగ్గర మిరపకాయల తొడాలు తీస్తున్న ఒకామెను ఫొటో తీశాను. ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అడగలేదు. అడిగితే సర్దుకు కూర్చుంటారు, సహజత్వం పోతుందని మా ఫొటోల వాళ్ళనే మాట. (కలెక్టరుగారిని ఇలాగే అడక్కుండా తీస్తామా?) కూలి రేట్ల మీద కరపత్రం వేస్తూ ఒక సంస్థ వాళ్ళు ఆ ఫొటో అడిగితే గర్వంగా ఇచ్చాను. మరుసటి ఏడు ప్రింటు పట్టుకుని వెళ్తే ఆమె పనిలో లేదు. వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాను. ఫొటో చాలాసేపు చూసింది.

"బాగానే పడ్డానమ్మా. ఇది చూసే మా ఆసామి ఇంక రావద్దన్నాడు" అంది. కోపంగా కూడా అనలేదు. కరపత్రంలో ఆమె మొహం ఉంది, ఆమె మాట ఒక్కటీ లేదు.

1936లో అమెరికాలో, కాలిఫోర్నియా బఠాణీ తోటల కూలీల శిబిరంలో డొరోతియా లాంజ్ ఒక తల్లిని ఫొటో తీసింది. లోకమంతా తెలిసిన ఫొటో అది. అచ్చయ్యాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడినుంచి వెళ్ళిపోయింది. లాంజ్ ఆమె పేరైనా అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ బయటికి రాలేదు. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆమే అంది. లాంజ్ మంచి మనిషే, పేదల పక్షాన నిలబడిన మనిషే. మనలాగే.

అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టేలా అచ్చువేయడం, కొన్ని మినహాయింపులు తప్ప, 1983 నుంచీ నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. భర్త కొట్టిన దెబ్బలకూ, అప్పులకూ, ఆకలికీ అలాంటి సెక్షన్ లేదు. అదంతా మన ఇంగితానికే వదిలేశారు.

"అడిగాం, సరేనంది" అంటారు మీరు. లోను కాగితాలు మన చేతిలో పెట్టుకుని అడిగితే ఆమె కాదనగలదా? నేనిప్పుడు మొదటిసారి కెమెరా లేకుండా వెళ్తాను. ఎక్కడ అచ్చవుతుందో, ఎవరెవరు చూస్తారో చెప్తాను. తీశాక చూపిస్తాను. వద్దంటే తీసేస్తాను. మంచి మంచి ఫొటోలు పోయాయి, నిజమే.

మొన్న ఒక ముసలమ్మ "ఉండు, వస్తా" అని లోపలికి వెళ్ళి, పెట్టెలోని నేతచీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి నిలబడింది. తీశాను. మీలాంటి సంస్థవాళ్ళే ఒకరు చూసి, "ఇందులో పేదరికం కనపడటం లేదండీ" అని తిప్పి పంపారు. అది ఇప్పుడు ఆమె ఇంట్లో, దేవుడి పటాల పక్కన ఉంది.